లాంఛనాన్ని చదివాకే గీయాలి

(మహబూబ్‌నగర్‌లో డీటీపీ వృత్తిలో ఉన్నవారికి, డిజైన్ విద్యార్థులకు, చరిత్ర అభిమానులకు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ముందు వరుసల్లో పాత నాణేలు, స్టాంపు కాగితాలు, శాసనాలు అంటే ప్రాణం పెట్టేవారు కూర్చున్నారు. వెనక ఫ్లెక్సీలు, మెమెంటోలు, స్టిక్కర్ కటింగ్ పనులు చేసే మిత్రులు, కాలేజీ పిల్లలు ఉన్నారు. పాత లాంఛనాలను, అంటే రాజవంశాల చిహ్నాలను, కంప్యూటర్‌లో మళ్లీ గీసే పనిలో మీకు ఒకరితో ఒకరికి పని ఉందని చెప్పడానికే నేను వచ్చాను.

మన పాలమూరు సంస్థానాల గడ్డ. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాల్‌పేట. నిజాం ఏలుబడిలో ఇన్ని సంస్థానాలు పాత మహబూబ్‌నగర్ జిల్లా ఎల్లల్లోనే ఉండేవి. ఆ కాలపు ముద్రలు, పతకాలు, ఉత్తరాల మీది లాంఛనాలు, ఉర్దూ స్టాంపు కాగితాలు ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున పడి ఉన్నాయి. ఏదో ఉత్సవం వస్తుంది. ఎవరో ఫోన్‌లో ఫొటో తీసి పంపి, ‘అన్నా, దీన్ని స్వాగత ద్వారం మీదికి పది అడుగులు చేసి పెట్టు’ అంటారు. కష్టాలు అక్కడే మొదలవుతాయి.

లెక్క చూడండి. రెండు అంగుళాల లాంఛనాన్ని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే అడ్డంగా 1200 చుక్కలు వస్తాయి. దాన్ని 10 అడుగులకు, అంటే 120 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి దక్కేవి 10 చుక్కలే. ఒక్కో చుక్క రెండున్నర మిల్లీమీటర్లు. సింహం జూలు మెట్లు మెట్లుగా తేలుతుంది. అదీ శ్రద్ధగా స్కాన్ చేసినప్పటి మాట. వాట్సాప్‌లో చేతులు మారుతూ నలిగి వచ్చిన ఫొటో సంగతి చెప్పనక్కరలేదు.

గద్వాల చీర నేసేవారికి ఈ చిక్కు బాగా తెలుసు. జకార్డ్ మగ్గం కోసం డిజైన్‌ను గళ్ల కాగితం మీద వేస్తారు. ఒక్కో గడి ఒక దారం లేవాలా, లేవకూడదా అన్న ఆజ్ఞ. బుటా సైజు రెట్టింపు కావాలంటే గళ్లను సాగదీసి లాభం లేదు, కొత్త కాగితం మీద హంసను మళ్లీ గడి గడిగా నింపుకోవాలి. స్కాన్ చేసిన ఫొటో అలాంటి గళ్ల కాగితమే. వెక్టర్ బొమ్మలో గళ్లు ఉండవు. హంస మెడ ఎక్కడ మొదలై, ఎటు వంగి, ఎక్కడ ఆగాలో చెప్పే ఆదేశాలు ఉంటాయి. వాటిని అంగుళం మేర అమలు చేసినా, అడుగుల మేర అమలు చేసినా ఆ వంపు అదే వంపు.

వెక్టర్ బొమ్మను దాచే ఒక ఎస్‌వీజీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. బొమ్మ కనబడదు, రాత కనబడుతుంది. ఎం అనే అక్షరం, పక్కన రెండు అంకెలు: కలాన్ని ఇక్కడ పెట్టు. ఎల్: అక్కడిదాకా తిన్నగా గీయి. సీ, పక్కన ఆరు అంకెలు: ఇలా వంపు తిప్పు. జెడ్: మొదలుపెట్టిన చోటికి వచ్చి మూసేయి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2001 సెప్టెంబరులో దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. ఆ ‘సీ’ వెనకున్న వంపుల లెక్క అంతకు చాలా ముందే, 1960 ప్రాంతంలో, ఫ్రాన్స్ కార్ల కర్మాగారాల్లో రూపుదిద్దుకుంది. రెనోలో పియెర్ బెజియే, సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో కార్ల ఒంటి వంపులను అంకెల్లో చెప్పే దారి వెతికారు. మనం ఈరోజు సింహం తోకను ఆ దారినే తిప్పుతున్నాం.

బొమ్మను రాతలో చెప్పడం కంప్యూటర్ తెచ్చిన కొత్త ఆలోచన అనుకోకండి. ఐరోపాలో రాచకుటుంబాల లాంఛనాలకు కొన్ని వందల ఏళ్లుగా ఇదే పద్ధతి. అక్కడ లాంఛనానికి ప్రమాణం మాటల్లో రాసిన వర్ణన. ‘నీలి డాలు మీద వెనక కాళ్లపై లేచిన బంగారు సింహం’ అని రాసి ఉంటే చాలు. ఏ చిత్రకారుడు గీసినా, తోక కాస్త అటూ ఇటూ తిరిగినా అది అదే లాంఛనం. డాలు ఎర్రబడితే మాత్రం, లేదా సింహం నాలుగు కాళ్ల మీద నడుస్తున్నట్టు గీస్తే మాత్రం, అది వేరే వంశానిది అయిపోతుంది. మన తామ్రశాసనాల ముద్రలనూ ఇలా భాగాలుగా చదవవచ్చు. తూర్పు చాళుక్యుల ముద్రలో వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే బిరుదు ఉంటాయి. పాత నల్లగొండ జిల్లా తుమ్మలగూడెంలో విష్ణుకుండినుల తామ్రశాసనాలు దొరికాయి, వారి లాంఛనం సింహం. కాకతీయులది వరాహం. ఇక డాలు, దానికి రెండు పక్కలా నిలబడ్డ జంతువులు, కింద రిబ్బను మీద నినాదం, ఈ అమరిక ఐరోపాది. 1877 జనవరి 1న ఢిల్లీలో జరిగిన దర్బారు కోసం రాబర్ట్ టేలర్ అనే బెంగాల్ సివిల్ సర్వీసు అధికారి మన దేశపు రాజులు పలువురికి ఆ పద్ధతిలోనే లాంఛనాలు కూర్చి, పతాకాల మీదికి ఎక్కించాడు.

కనుక నా బల్ల మీదికి స్కానర్ కంటే ముందు తెల్లకాగితం వస్తుంది. లాంఛనంలో ఏమేం ఉన్నాయో పై నుంచి కిందికి మాటల్లో రాసుకుంటాను. కిరీటమా, తలపాగానా? జంతువు సింహమా, పులా, గుడి స్తంభాల మీది కల్పిత మృగం యాళినా? ముఖం ఎటు? చేతిలో ఏముంది? చెరిగిపోయి తెలియని చోట ‘తెలియడం లేదు’ అని రాస్తాను. ఆ కాగితం పూర్తయ్యాకే మౌస్ పట్టుకుంటాను.

‘ఇంత శ్రమ ఎందుకు, ఫొటోను తనంతట తానే వెక్టర్ చేసే ఆటో ట్రేస్ ఉంది కదా’ అని వెనక వరుసల వాళ్లు అనుకుంటూ ఉంటారు. ఉంది. వెక్టర్ బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ ఉచితంగా దొరుకుతుంది, 2003లో సోడిపోడి అనే పాత ప్రోగ్రాం నుంచి విడివడి పుట్టింది. దాని ట్రేస్ పని లోపల పీటర్ సెలింగర్ రాసిన పోట్రేస్ నడుస్తుంది. అది చాలా చక్కని ప్రోగ్రాం. నలుపు తెలుపుల సరిహద్దు వెంట నడిచి, ఆ మెట్ల అంచును ముందు బహుభుజిగా, తర్వాత నున్నని వంపులుగా మారుస్తుంది. దానికి తెలిసింది సరిహద్దు ఒక్కటే. సింహం తెలియదు, అక్షరం తెలియదు, మరక తెలియదు.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. ఈ ఊరికి పేరిచ్చిన మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో చార్మినార్ బొమ్మ ఉన్న నాణేలు వచ్చాయి. ఆ చార్మినార్ గుమ్మంలోకి భూతద్దం పెట్టి చూడండి. ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. అది ‘మీమ్’, మహబూబ్ పేరులోని తొలి అక్షరం. ఆయన తర్వాత ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక అదే గుమ్మంలోకి ‘ఐన్’ వచ్చింది. ఉస్మాన్ పేరు ఆ అక్షరంతోనే మొదలవుతుంది. తొలి రోజుల నాణేల్లో ఆ ఐన్ పొట్టిగా సగమే ఉంటుంది, తర్వాతి వాటిలో నిండుగా ఉంటుంది. నాణేలు సేకరించేవారు ఆ తేడాను పట్టి ధర కడతారు. మినార్లు నాలుగూ అవే, గుమ్మమూ అదే. ఏ నవాబు నాణెమో చెప్పేది ఆ ఒక్క అక్షరం.

ఇప్పుడు ఆ నాణెం ఫొటోను ట్రేస్‌కు ఇవ్వండి. మచ్చలు తీసివేసే ఆప్షన్ ఒకటి ఉంటుంది. దుమ్ము, గీతలు పోవాలని దాన్ని పెంచుతాం. కాస్త ఎక్కువ పెంచితే దుమ్ముతో పాటు ఐన్ కూడా పోతుంది. తగ్గిస్తే ఐన్ ఉంటుంది, దానితో పాటు అరుగుదల గుంటలన్నీ అక్షరాల్లా నిలబడతాయి. బయటికి వచ్చిన బొమ్మ మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. చూసినవారు ‘ఎంత బాగా చేశావు’ అంటారు. గుమ్మం ఖాళీగా ఉందని, ఆ నాణెం ఏ పాలకుడిదో తెలియకుండా పోయిందని గమనించేది ముందు వరుసల్లో కూర్చున్న ఈ పెద్దలే. వారిని పక్కన కూర్చోబెట్టుకుని పని చేయాలని నేను అడిగేది అందుకే.

రెండో ఉదాహరణ గీతల సంగతి. పాత లెటర్‌హెడ్ మీద ఒకే రంగులో అచ్చయిన లాంఛనాలు మీ చేతికి వస్తాయి. డాలు లోపల సన్నని గీతలు కనబడతాయి. చాలామంది వాటిని షేడింగ్ అనుకుంటారు. కావచ్చు, కాకపోవచ్చు. రంగుల అచ్చు లేని కాలంలో రంగును గీతలతో చెప్పే పద్ధతి ఒకటి ఐరోపాలో స్థిరపడింది. సిల్వెస్టర్ పెత్రా సాంక్తా అనే జెసూట్ పండితుడు 1638లో అచ్చయిన గ్రంథంలో వాడిన పద్ధతి అది. నిలువు గీతలుంటే ఎరుపు. అడ్డ గీతలుంటే నీలం. నిలువు, అడ్డం కలిసి గళ్లు పడితే నలుపు. చూసేవారి ఎడమ పైమూల నుంచి కుడి దిగువకు ఏటవాలు గీతలుంటే ఆకుపచ్చ. చుక్కలుంటే బంగారం. ఏమీ లేకపోతే వెండి.

ఇది తెలియనివారు ఆ లెటర్‌హెడ్‌ను ట్రేస్ చేస్తే ఒక్క డాలులో వందల సన్నని ముక్కలు తయారవుతాయి. ఫైలు బరువెక్కుతుంది. సైజు తగ్గిస్తే ఆ గీతలు కలిసిపోయి బూడిద రంగు మరకలా కనబడుతుంది. తెలిసినవారు, అవి అడ్డ గీతలైతే, వాటన్నిటినీ తీసివేసి డాలుకు ఒక్క నీలం నింపుతారు. పని అక్కడితో అయిపోతుంది. ఒకే రంగులో అచ్చు కావాలంటే ఎస్‌వీజీలో ఒక్క గీతను నమూనాగా రాసి డాలంతా పరచుకోమని చెప్పవచ్చు, వందల ముక్కలు అక్కరలేదు. రంగు, గీతలు రెండూ కలిపి పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు, ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టవుతుంది.

అది షేడింగా, రంగు గుర్తా అని తేల్చుకునే పద్ధతి చెబుతాను. రంగు చెప్పే గీతలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే మందంలో, ఒకే ఎడంతో నడిచి, భాగం అంచు దగ్గర కత్తిరించినట్టు ఆగుతాయి. నీడ చూపే గీతలు ఒక పక్క గుంపుగా, మందంగా ఉండి, వెలుతురు వైపు సన్నబడతాయి. మన దగ్గరి చెక్కుడు పనివారు అందరూ ఐరోపా పద్ధతి పాటించారని అనుకోకూడదు. అదే సంస్థానపు రంగుల పతాకమో, పాత చిత్రమో దొరికితే సరిచూసుకోండి. దొరకకపోతే గీతలను ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. ఊహించి రంగు వేయకండి.

తర్వాత అద్దం తిప్పుడు. సగం గీసి, రెండో సగం తిప్పి అతికించడం మనందరికీ అలవాటు. రెండు తలల పక్షి గండభేరుండం లాంటి బొమ్మకు అది చాలావరకు పనికొస్తుంది. కానీ మన జాతీయ చిహ్నాన్ని తీసుకోండి. 1950 జనవరి 26న స్వీకరించిన ఆ చిహ్నంలో సింహాల కింది పట్టీ మధ్యలో చక్రం ఉంటుంది. దానికి కుడివైపు వృషభం, ఎడమవైపు అశ్వం. సగం గీసి తిప్పితే రెండు గుర్రాలో, రెండు ఎద్దులో వస్తాయి. చక్రాన్ని ముందు నుంచి గీసేటప్పుడు మాత్రం కంప్యూటర్ సాయం నిశ్చింతగా తీసుకోండి. ఒక్క ఆకు గీసి 15 డిగ్రీల చొప్పున తిప్పుకుంటూ పోతే 24 ఆకులూ వస్తాయి. ఐరోపా పద్ధతి లాంఛనాల్లో ఇంకో చిక్కు ఉంది. అక్కడి వర్ణనలో కుడి అంటే డాలు పట్టుకున్న మనిషి కుడి. ఎదురుగా చూసే మనకు అది ఎడమ. లక్క ముద్ర వేసే ఇత్తడి అచ్చును ఫొటో తీస్తే అంతా తిరగబడి ఉంటుంది. అక్షరాలుంటే పట్టేస్తాం. అక్షరాలు లేని ముద్రలో సింహం ముఖం ఎటు తిరగాలో అచ్చు చూసి చెప్పలేం, లక్క మీద ఒత్తి చూడాలి.

ఇప్పుడు చేతి పని. వెక్టర్ గీతలో నోడ్లు, అంటే గీతను పట్టి ఉంచే బిందువులు, ఎంత తక్కువ ఉంటే అంత మేలు. వంపు దిశ తిరిగే చోట, అంటే పైకొన, కిందికొన, ఎడమ, కుడి కొనల దగ్గర నోడు పెట్టి, మధ్యలో పని ఆ నోడు నుంచి వంపును తిప్పే హ్యాండిళ్లకు వదిలేయండి. నాలుగు నోడ్లతో వేసిన బెజియే వృత్తం అసలు వృత్తానికి వ్యాసార్ధంలో 0.03 శాతం లోపు తేడాతోనే ఉంటుంది. పది అడుగుల గుండ్రంలో అది అర మిల్లీమీటరు కూడా కాదు. అదే గుండ్రాన్ని నలిగిన ఫొటో నుంచి ట్రేస్ చేయిస్తే డజన్ల కొద్దీ నోడ్లు, వాటి మధ్య చిన్న చిన్న వణుకులు. తెర మీద ఆ వణుకు కనబడదు. స్టిక్కర్ కోసే ప్లాటర్ మీద పెడితే తెలుస్తుంది. బ్లేడు ప్రతి నోడు దగ్గరా తడబడుతుంది, వినైల్ మూలలు చిరుగుతాయి. స్టిక్కర్ కటింగ్ చేసేవారికి ఇంకో మాట. ఒకదాని మీద ఒకటి పడిన ఆకారాలను ముందే కలిపి ఒక్కటి చేయండి. గీతలను ఆకారాలుగా మార్చండి. లేకపోతే బ్లేడు సింహం కాలిని డాలు లోపలిదాకా కోసుకుపోతుంది.

భాగాలకు పేర్లు పెట్టడం మరవకండి. సాఫ్ట్‌వేర్ పెట్టిన ‘పాత్ 4871’ లాంటి పేరే వదిలేస్తే రేపు ఎవరికీ అర్థం కాదు. ‘డాలు’, ‘ఎడమ సింహం’, ‘కిరీటం’, ‘నినాదపు రిబ్బను’ అని గుంపులు కట్టండి. ముందు కాగితం మీద రాసుకున్న వర్ణనలో ఎన్ని భాగాలున్నాయో ఫైలులో అన్ని గుంపులు ఉండాలి. ఒకటి తక్కువైతే ఏదో వదిలేశారు. ఒకటి ఎక్కువైతే మరకను గీశారు.

అక్షరాల విషయంలో మన కష్టం అందరికీ తెలిసిందే. అనూ ఫాంట్లలో టైపు చేసిన నినాదం ఇంకొకరి కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులవుతుంది. యూనికోడ్‌లో చేసినా, అవతల ఆ ఫాంటు లేకపోతే రూపం మారిపోతుంది. లాంఛనంలో అక్షరాల రూపం కూడా బొమ్మలో భాగమే కాబట్టి వాటిని కర్వ్స్‌లోకి, అంటే గీసిన వంపుల్లోకి, మార్చక తప్పదు. మార్చాక అవి కంప్యూటర్‌కు అక్షరాలు కావు, వెతికితే దొరకవు. అందుకని ఎస్‌వీజీలో వివరణ రాసుకోవడానికి ఉన్న చోట ఆ నినాదాన్ని యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయండి. పాత ముద్రల మీది అక్షరాలను కొత్త ఫాంటుతో మార్చేయడం నాకు అసలు నచ్చదు. చెక్కినవాడి చేయి ఆ అక్షరాల్లో ఉంటుంది. ఒత్తులు ఎలా కిందికి దించాడో, తలకట్టు ఎలా పెట్టాడో అలాగే గీయండి.

రాతి మీద, సున్నపు పని మీద ఉన్న లాంఛనాల గురించి కొంచెం చెబుతాను. కోట గుమ్మాల మీద ఏళ్ల తరబడి సున్నం వేసి వేసి గీతలు పూడుకుపోయి ఉంటాయి. మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే ఏమీ తెలియదు. పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ పక్క నుంచి ఎండ పడుతున్నప్పుడు తీయండి. కింద నిలబడి తల ఎత్తి తీస్తే గుండ్రం కోడిగుడ్డవుతుంది. దూరం వెళ్లి జూమ్ చేసి తీయండి. అందే ఎత్తులో ఉంటే శాసనాలకు చేసినట్టు తడి కాగితం పరచి, బ్రష్‌తో అద్ది, సిరా పూసి నకలు తీయించవచ్చు. దానికి పురావస్తు శాఖ అనుమతి, తెలిసినవారి చేయి రెండూ కావాలి. సున్నాన్ని గీకే ప్రయత్నం ఎవరూ చేయవద్దు.

చట్టం మాట. జాతీయ చిహ్నాన్ని ఇష్టం వచ్చినట్టు వాడటాన్ని 2005 నాటి చట్టం నిషేధిస్తుంది. నాలుగు సింహాలతో స్వాగత ఫ్లెక్సీ కావాలని ఎవరు అడిగినా మీరు కాదనాలి. మన రాష్ట్ర చిహ్నంలో కాకతీయ తోరణం, చార్మినార్‌తో పాటు ఆ సింహాలూ ఉన్నాయి, దాని విషయంలోనూ అంతే జాగ్రత్త. పాత లాంఛనాల సంగతి వేరు. మన దేశంలో చిత్రకారుడి మరణం తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. మరొకరు ఈమధ్య గీసి పెట్టిన వెక్టర్‌ను దించుకుని రంగు మార్చి ఇవ్వడం వారి శ్రమను కాజేయడమే. మూలం చూసి మీరే గీయండి.

పని పూర్తయ్యాక ఫైలు వివరణలో నాలుగు విషయాలు రాయండి. మూలం ఏమిటి, నాణెమా, లెటర్‌హెడా, రాయా. దాని అసలు కొలత ఎంత. రంగులు మూలంలో ఉన్నవా, గీతలను బట్టి నిర్ణయించినవా. చెరిగిపోయిన చోట మీరు పూరించినవి ఏవి. నేనైతే పూరించిన భాగాలను వేరే గుంపులో పెడతాను. దాన్ని ఆపివేస్తే మూలంలో నిజంగా మిగిలింది మాత్రమే కనబడుతుంది. తర్వాత ఎప్పుడైనా మంచి ముద్ర ఒకటి బయటపడితే ఆ గుంపును తీసి సరైనది పెట్టుకోవచ్చు. ఇంక్‌స్కేప్‌లో దాచేటప్పుడు ప్లెయిన్ ఎస్‌వీజీగా ఒక ప్రతి, ప్లాటర్ కోసం కలిపిన ఆకారాలతో ఒక ప్రతి, ఫోన్‌లో చిన్నగా కనబడటానికి సన్నని వివరాలు తగ్గించిన ప్రతి ఒకటి, మూడూ వేర్వేరుగా ఉంచండి.

మీలో కొందరు పాత స్టాంపు కాగితాలు, నాణేలు తెచ్చారని విన్నాను. స్కానర్ ఆ కిటికీ పక్క బల్ల మీద ఉంది, భూతద్దం నా సంచిలో ఉంది. ఒక్కో వస్తువు దగ్గర ఒక పెద్దాయన, ఒక డీటీపీ మిత్రుడు కలిసి కూర్చోండి. ముందుగా వర్ణన రాయడంతో మొదలుపెడదాం.